అప్‌డేట్: ఉద్యోగం పోయాక ప్రార్థన రావట్లేదన్న ప్రశ్న

ఉద్యోగం పోయి ఊరు మారాక ప్రార్థనకు మాటలే రావట్లేదు, బైబిల్ ఎక్కడ మొదలుపెట్టాలి అని అడిగాను కదా. జవాబిచ్చిన అందరికీ వందనాలు.

పనిచేసింది 13వ కీర్తన. ఆరే వచనాలు: 1-2లో ‘ఎన్నాళ్లు’ అనే మొర, 3-4లో మనవి, 5-6లో నమ్మకం. రాత్రిపూట పైకి చదివి, ఒక్కో భాగం కింద సొంత మాటల్లో ఒక్క వాక్యం నోట్‌బుక్‌లో రాయాలి. మూడోది రాకపోతే ఖాళీ వదిలేయమన్నారు పాస్టరుగారు. 88వ కీర్తన కూడా నమ్మకం మాటతో కాక చీకటి మాటతోనే ముగుస్తుందట, నిజమే.

యిర్మీయా 29:11 (మీ విషయంలో నా ఉద్దేశాలు మేలుకే, హానికి కాదు అని దేవుడు చెప్పే వచనం) ఒక్కటే గోడకు అంటిస్తే ఆత్రం పెరిగింది. అది బబులోను చెరలో, అంటే పరాయి దేశంలో బందీలుగా, ఉన్నవాళ్లకు రాసిన ఉత్తరం; వెంటనే జరిగిపోతుందన్న మాట కాదు. 10వ వచనంలో డెబ్బై ఏళ్లని ఉంది, 5లో ఇళ్లు కట్టుకోండి, తోటలు నాటండి అని!

ఆదికాండం నుంచి ఏడాదిలో బైబిలంతా చదివే ప్లాన్ మాత్రం మూడో పుస్తకం లేవీయకాండంలోనే ఆగింది.