అప్‌డేట్: దోషి దొరికింది

మా లాబ్రడార్ పాదాలు నాకి నాకి ఎర్రగా చేసుకుంటోందని, తరచూ విరేచనాలని, ఇంట్లో ఏ చిరుతిండి చేసి పెట్టాలని మూడు నెలల క్రితం అడిగాను. దానికి ఏ తిండి పడటం లేదో తేల్చడానికి పశువైద్యుడు 8 వారాలు చేప, చిలగడదుంప తప్ప మరేదీ వద్దన్నారు. చిరుతిండి కూడా వాటితోనే. దుంపను ఆవిరి మీద ఉడికించి, తొక్క తీసి, పలుచని బిళ్లలుగా కోసి డాబా మీద ఆరబెట్టాను. గుంటూరు ఎండ ఉండగా ఓవెన్ ఎందుకు? నమిలితే తోలులా సాగుతాయి, దానికి అదే ఇష్టం. ఉల్లి, వెల్లుల్లి కుక్కలకు విషం కాబట్టి మా తాలింపు దరిదాపులకు రానివ్వలేదు.

ఆరో వారానికి ఎరుపు తగ్గింది. గడువు ముగిశాక పరీక్షగా ఉడికించిన కోడిమాంసం పెట్టాం. రెండో రోజుకే మళ్లీ నాకుడు మొదలు! వెంటనే మానేశాం.

ఆ దుంప బిళ్లలు ఇప్పుడు మా అత్తగారూ తింటున్నారు, కారప్పొడి అద్దుకుని.