ఎం.ఏ. తెలుగు మొదటి సెమిస్టర్: గైడు లేకుండా పద్యానికి అర్థం రాయడం ఎలా?

వాల్తేరు అప్‌లాండ్స్
డిగ్రీలో తెలుగు రెండో భాషగానే చదివి, ఏయూ (ఆంధ్ర యూనివర్సిటీ)లో ఎం.ఏ.లో చేరినవాళ్లకి ప్రతిపదార్థం దగ్గర గైడే దిక్కవుతోంది. నిఘంటువు తీస్తే సగం మాటలు దొరకవు. ఎక్కడ మొదలుపెట్టాలి?

సరళాదేశం
అది నిఘంటువు లోపం కాదండీ. సంధి విడదీయకుండా వెతికితే దొరకవు. పోతన పద్యమే చూడండి: "పలికెడిది భాగవతమఁట, పలికించెడివాఁడు రామభద్రుండఁట, నేఁ బలికిన భవహరమగునఁట". ఇందులో 'బలికిన' కోసం శబ్దరత్నాకరం నిఘంటువు ఎంత తిరగేసినా ఏమీ ఉండదు. 'నేన్' ద్రుతాంతం, అంటే చివర నకారం (ద్రుతం) ఉన్న మాట కాబట్టి దాని పక్కన 'ప' కాస్తా 'బ' అయింది. వెనక్కి తిప్పి 'పలుకు' దగ్గర చూస్తే మాట చేతికొస్తుంది. క చ ట త ప లు అక్కడ గ జ డ ద బ లు అవుతాయి. ప్రథమావిభక్తి మాట పక్కనైతే అవే గ స డ ద వ లు అవుతాయి: 'వాఁడు వోయె' అంటే 'పోయె'. అందుకే 'వ'తో మొదలైన మాట దొరక్కపోతే 'ప'లో, 'స'తో మొదలైనది దొరక్కపోతే 'చ'లో చూడాలి. చాలా మాటల చిక్కు ఇక్కడే విడిపోతుంది.

వాల్తేరు అప్‌లాండ్స్
మరి 'వాఁడు పోయె' అని ఉంటే తప్పా?

సరళాదేశం
తప్పు కాదు. చిన్నయసూరి బాలవ్యాకరణం సూత్రంలో 'బహుళంబుగా' అని ఉంది, అంటే కొన్నిచోట్ల మారుతుంది, కొన్నిచోట్ల మారదు. బాలవ్యాకరణం సంజ్ఞా పరిచ్ఛేదంతో మొదలుపెట్టండి. కళ (ద్రుతం లేని మాట), ద్రుతం ఏమిటో తెలియకుండా సంధి పరిచ్ఛేదంలోకి దిగితే సూత్రాలు నోటికొస్తాయి గానీ పద్యంలో కళ్లెదుట ఉన్నా పోల్చుకోలేరు.

కందం నడక
గణాలకీ ఆ పద్యమే మంచిది, అది కందం. నల అంటే నాలుగు లఘువులు, జ అంటే లఘువు-గురువు-లఘువు, స అంటే లఘువు-లఘువు-గురువు, గగ అంటే రెండు గురువులు. పలికెడి / ది భాగ / వతమఁట: నల, జ, నల. పలికిం / చెడివాఁ / డు రామ / భద్రుం / డఁట నేఁ: స, స, జ, గగ, స. బేసి గణాల్లో జగణం ఉండకూడదు, లేదు. రెండు పాదాలూ కలిపి లెక్కపెడితే ఆరోది జగణమో నలమో కావాలి, 'డు రామ' జగణం. రెండో పాదంలో మొదటి 'ప'కీ నాలుగో గణం 'భ'కీ యతి. ప్రాస 'ల'.

మార్కులు పోయేది సున్న దగ్గర. 'మఁట'లో అరసున్న చూసి 'మ'ని గురువు చేసేస్తారు. అరసున్న లఘువుని గురువు చేయదు. 'పలికిం'లో నిండుసున్న చేస్తుంది. ఇంకోటి, సంయుక్తాక్షరం ముందు అక్షరం గురువే గానీ, 'వాని ప్రేమ'లో 'ని' వేరే మాటకి చెందినది కాబట్టి లఘువే. 'రాజప్రేమ' సమాసం, అక్కడ 'జ' గురువు. ముందు గురులఘువులు పెన్సిలుతో పెట్టి, ఆ తర్వాతే గణాలు విడగొట్టండి. పద్యం పేరు ఊహించుకుని గణాలు ఇరికిస్తే ఒక్క అక్షరం తేడాకే అంతా పక్కదారి పడుతుంది.

ద్వారకానగర్
కావ్యాలకి శబ్దరత్నాకరం, పందొమ్మిదో శతాబ్దపు వాడుకకి 1852 నాటి బ్రౌన్ నిఘంటువు. ఆంధ్రభారతి సైటులో చాలా నిఘంటువులు ఒకేసారి వెతకొచ్చు, కానీ అక్కడా సంధి విడదీసిన రూపమే ఇవ్వాలి. కన్యాశుల్కం మీద సెమినార్ పేపరు రాసేవాళ్లు ఏ కూర్పో తప్పక రాయండి. 1897 నాటిదీ 1909 నాటిదీ ఒకటి కావు. ఒకదాని సంభాషణ తీసుకుని రెండోదాని పేజీ నంబరు వేస్తే వైవాలో దొరికిపోతారు.

సింహాచలం మెట్లు
శాసనాల పేపరు ఉన్నవాళ్లు సింహాచలం కొండ మీద గుడిలోని శాసనాలు కళ్లారా చూడండి. కృష్ణదేవరాయల శాసనమూ ఉంది. ముందు అచ్చుపాఠం చదువుకుని వెళ్లాలి, లేకపోతే రాతి మీద అక్షరాలు పట్టుబడవు. శక సంవత్సరానికి 78 కలిపితే క్రీస్తుశకం: శక 1438 అంటే 1516. మాఘ, ఫాల్గుణ మాసాలైతే సాధారణంగా 79 కలపాలి, అప్పటికి ఇంగ్లీషు సంవత్సరం మారిపోయి ఉంటుంది.

వాల్తేరు అప్‌లాండ్స్
యూజీసీ నెట్ (లెక్చరర్ అర్హత) పరీక్షకి ఇదంతా పనికొస్తుందా?

కందం నడక
వస్తుంది. రెండో పేపరులో 100 ప్రశ్నలు, 200 మార్కులు, తప్పుకి కోత లేదు. గణాలు కట్టడం చేతికి అలవాటైతే ఛందస్సు ప్రశ్నలకి తడుముకోనక్కర్లేదు. రోజుకొక కందం, ఒక తేటగీతి విడగొట్టండి. తేటగీతిలోని సూర్య, ఇంద్రగణాలు కుదిరేదాకా వృత్తాల జోలికి వెళ్లకండి.