ప్రిస్టేన్ ఎక్కించడానికి ఎలుక పొట్ట ఇంకా కావాలా?

బెజవాడ ఫార్మసీ స్టూడెంట్:
నిన్న క్లాసులో మోనోక్లోనల్ యాంటీబాడీల (ఒకే లక్ష్యానికి అతుక్కునే ఒకే రకం యాంటీబాడీల) తయారీ చెప్పారు. చిట్టెలుక పొట్టలోకి ప్రిస్టేన్ అనే నూనె ఎక్కించి, ఓ వారం పది రోజులాగి హైబ్రిడోమా కణాలు (యాంటీబాడీ చేసే కణాన్ని క్యాన్సర్ కణంతో కలిపి చేసినవి) వేసి, పొట్టలో ఊరిన యాంటీబాడీ నీటిని సూదితో తీయాలట. ఫ్లాస్కులో పెంచితే సరిపోదా అని అడిగితే "పరీక్షలో ఇదే రాయమ్మా" అన్నారు. ఇది ఇంకా చేయదగ్గ పనేనా?

బ్రాడీపేట మాస్టారు:
కాదమ్మా. నా చేత్తో చేసిన పని కాబట్టి చెబుతున్నా. 1975లో కోలర్, మిల్‌స్టీన్ హైబ్రిడోమా దారి చూపించాక చాలా ల్యాబులకు ఇదే సులువైంది. అర మిల్లీలీటరు నూనె చాలు, పొట్ట పొర రేగి కణాలు నిలదొక్కుకుంటాయి. ఫ్లాస్కులో కన్నా ఎన్నో రెట్లు చిక్కగా యాంటీబాడీ వస్తుంది, నిజమే. కానీ ఆ ఎలుకను చూడాలి. పొట్ట ఉబ్బి, బొచ్చు నిక్కబొడుచుకుని, మూల ముడుచుకుని ఉంటుంది. పంజరం మూత తీసినా కదలదు.

గుంటూరు ల్యాబ్ టెక్నీషియన్:
మాస్టారూ, కొన్ని కణాలు ఫ్లాస్కులో మొండికేస్తాయి. 1999లో అమెరికా నేషనల్ రీసెర్చ్ కౌన్సిల్ కూడా ముందు ఫ్లాస్కు పద్ధతులే చూడమంది గానీ, ఎలుకను పూర్తిగా మానేయమనలేదు. పైగా లూపస్ (ఒంటి రక్షణ వ్యవస్థ ఒంటి మీదే తిరగబడే జబ్బు) పరిశోధన ఉంది. ఒక్క ప్రిస్టేన్ ఇంజెక్షన్‌తో కొన్ని నెలల్లో ఎలుకకు లూపస్ లాంటి జబ్బు వస్తుంది, కిడ్నీలు దెబ్బతింటాయి. అది సీసాలో ఎలా చూస్తాం? రెండింటినీ ఒకే గాటన కట్టకండి.

బ్రాడీపేట మాస్టారు:
లూపస్ మాట ఒప్పుకున్నా. మొండి కణాల మాట మాత్రం ఒప్పుకోను. ఎన్ని మీడియాలు (కణాలు పెరిగే పోషక ద్రవాలు) మార్చి చూశాక మొండివన్నారు? మేమైతే ఒక్కటీ మార్చలేదు. మీడియాలో కలిపే సీరం ఖరీదు, ఎలుక చవక. అంతే బాబూ.

చమురు బావుల మనిషి:
మధ్యలో దూరుతున్నా, ఏమనుకోకండి. మా ప్రిస్టేన్‌కు ఎలుకతో పనే లేదు. పత్రహరితం అణువు తోక విరిగితే మిగిలే 19 కార్బన్ల గొలుసు అది. ముడి చమురులో ఉంటుంది, సొరచేప కాలేయంలోనూ ఉంటుంది. కృష్ణా గోదావరి బేసిన్‌లో కానీ, ఇంకెక్కడైనా కానీ, చమురులో ప్రిస్టేన్‌కు, దాని తోబుట్టువు లాంటి ఫైటేన్‌కు మధ్య నిష్పత్తి మూడు దాటితే నేల మీది మొక్కల నుంచి పుట్టిందేమో అని మొదటి అనుమానం. ఆ ఒక్క అంకెతో తేల్చేయంలెండి.

బెజవాడ ఫార్మసీ స్టూడెంట్:
మాస్టారూ, రికార్డులో ఎలుక బొమ్మ వేసేశా. పక్కన ఫ్లాస్కు బొమ్మ కూడా వేస్తే మార్కులు కోస్తారా?