నా మొండితనానికి రెండవ తిమోతి 2వ అధ్యాయం 13వ వచనం ఓదార్పా, హెచ్చరికా?

అందరికీ వందనాలు. మాది ఒడిశాలోని పర్లాకిమిడి. ప్రహరీగోడ తగాదాతో మా అన్నయ్యతో మూడేళ్లుగా మాట మానేసినవాణ్ణి. బైబిల్లోని నెహెమ్యా గ్రంథం 9వ అధ్యాయంలో, తిరిగి ఐగుప్తు దాస్యానికే పోదామని నాయకుణ్ణి నియమించుకున్న ఇశ్రాయేలు ప్రజలను సైతం దేవుడు విడిచిపెట్టక, 40 సంవత్సరాలు వారి బట్టలు పాతగిల్లకుండా, కాళ్లకు వాపు రాకుండా పోషించాడని చదివినప్పుడు, బీరువా అడుగున మడత విప్పకుండా ఉంచిన అన్నయ్య పెట్టిన చొక్కా గుర్తొచ్చి సిగ్గుపడ్డాను.

నా సందేహం ఇది. రెండవ తిమోతి పత్రిక 2వ అధ్యాయంలో, మనం క్రీస్తును ఎరుగమంటే ఆయనా మనలను ఎరుగనంటాడని 12వ వచనం హెచ్చరిస్తుండగా, మనం నమ్మదగనివారమైనా ఆయన నమ్మదగినవాడిగానే ఉంటాడని 13వ వచనం చెబుతోంది. ఇది నాలాంటివాడికి ఓదార్పా, లేక ఆ హెచ్చరికకే కొనసాగింపా? (ఒడియా మీడియంలో చదివే మా అమ్మాయి ఇదే అడిగితే నీళ్లు నమిలాను.) తెలిసిన పెద్దలు సందర్భంతో సహా వివరించ ప్రార్థన.