సముద్రం చేపకి ఇంట్లో కట్టుకున్న ఫ్లైలు: మీ అనుభవాలు చెప్పండి

ఎడిసన్_గాలం
మూడేళ్లుగా న్యూజెర్సీలో రారిటన్ బే ఒడ్డున బంకర్ చేప ముక్కలు ఎరగా వేసి స్ట్రైపర్లు (చారల బాస్ చేపలు) పడుతున్నా. పోయిన నెల ఒక స్నేహితుడు తన ఫ్లై రాడ్ (గాలానికి ఈకలు, వెంట్రుకలు కట్టి చేసిన బొమ్మ ఎర, అంటే ఫ్లై, విసిరే కర్ర) చేతిలో పెట్టాడు, అంతే, పిచ్చి పట్టుకుంది. బాధేంటంటే కొట్లో ఒక్కో ఫ్లై ఐదారు డాలర్లు, నిన్న ఒక్క పూటలో నాలుగింటిని రాళ్లకి సమర్పించుకున్నా. సొంతంగా కట్టుకుంటే చవకేనా? ఏది ముందు నేర్చుకోవాలి? సూదిలో దారం ఎక్కించడానికే ఇంట్లో ఇంకొకళ్లని పిలిచే రకం నేను, అది ముందే చెప్తున్నా. ఇంకోటి, నేను పట్టేది తినడానికి, ఫొటో తీసి వదిలేసే బ్యాచ్ కాదు. వండే సంగతులు కూడా చెప్పండి.

బార్నెగట్_బాబాయ్
చవక అన్న మాట మర్చిపో తమ్ముడూ. 2014లో మా ఆవిడకి అదే మాట చెప్పి వైజ్ (కట్టేటప్పుడు హుక్‌ని పట్టి ఉంచే బిగింపు) కొన్నాను, ఇప్పటికీ గరాజ్‌లోకి వచ్చినప్పుడల్లా ఆ ఈకల డబ్బాల వైపు ఒక చూపు చూసి వెళ్తుంది.

నేర్చుకోవాల్సింది ఒక్కటే, క్లౌజర్ మిన్నో అనే ఫ్లై. పెన్సిల్వేనియాలో బాబ్ క్లౌజర్ సస్క్వెహానా నదిలో స్మాల్‌మౌత్ బాస్ చేప కోసం 1980లలో కట్టాడు దాన్ని. నది కోసం పుట్టినా సముద్రంలో దీనికి లొంగని చేప తక్కువ. 1/0 స్టెయిన్‌లెస్ హుక్ తీసుకో. చెవి (లైన్ కట్టే రంధ్రం) దగ్గర్నుంచి కాడలో (హుక్ తిన్నటి భాగంలో) మూడో వంతు వెనక్కి వచ్చి, డంబెల్ ఆకారంలో ఉండే లోహపు కళ్లని కాడ పైన అడ్డంగా పెట్టి ఎనిమిది అంకెలాగా దారం తిప్పు. ఆ తర్వాత కళ్లకీ కాడకీ మధ్యన గుండ్రంగా నాలుగు చుట్లు బిగించి, ఒక చుక్క సూపర్ గ్లూ వెయ్యి. బొటనవేలితో నెట్టి చూడు, కదిలిందంటే విప్పి మళ్లీ కట్టు, ఇక్కడ బద్ధకిస్తే తర్వాత అంతా వృథా. కళ్ల ముందు తెల్ల జింకతోక వెంట్రుకలు కట్టి, వాటిని కళ్ల మీదుగా తెచ్చి వెనక కూడా బిగించు. ఇప్పుడు హుక్‌ని వైజ్‌లో తిరగేసి, మొన ఉన్న వైపు నాలుగు మెరుపు పోగులు, వాటి మీద చిలకపచ్చ వెంట్రుకలు. కళ్ల బరువు కాడకి మొన లేని వైపున ఉంది కాబట్టి నీళ్లలో పడగానే అది తిరగబడి మొన పైకి వస్తుంది, రాళ్లకి తగులుకోవడం తగ్గుతుంది. నీ నాలుగు ఫ్లైల కథకి మందు అదే.

కొత్తవాళ్లందరూ చేసే తప్పు వెంట్రుకలు ఎక్కువ పెట్టడం. రంగుకి ఒక అగ్గిపుల్ల మందం చాలు. దీపానికి ఎదురుగా పట్టుకుంటే మధ్యలోంచి వెలుతురు కనపడాలి. నా మొదటి డజనూ చీపురుకట్టల్లా ఉండేవి, మునగనే మునగవు, అల మీద తేలుతూ నా కాళ్ల దగ్గరికే వచ్చేవి.

ఎరతో స్ట్రైపర్ పట్టేటప్పుడు సర్కిల్ హుక్ (మొన లోపలికి వంగిన గాలం) వాడుతున్నావు కదా? అది తప్పనిసరి. ఉప్పునీటికి న్యూజెర్సీలో రిజిస్ట్రేషన్ ఉచితమే, అదీ చేసుకో.

భీమిలి_కుర్రాడు
ఇదంతా చదువుతుంటే నవ్వొస్తోంది అన్నా. మా తాత ఇదే పని చేసేవాడు, దానికి ఇంగ్లీషు పేరుందని ఆయనకి తెలీదు. చిరిగిన ప్లాస్టిక్ గోతాం నుంచి మెరిసే పోగులు పీకి ఒక్కో గాలానికి రెండు మూడు కట్టి, ఒకే తంగూసుకి (నైలాన్ దారానికి) పది గాలాలు బారుగా వేసి, కింద సీసం గుండు. ఎర గిర ఏం లేదు, తెప్ప మీద కూర్చుని పైకీ కిందకీ ఆడిస్తుంటే కానాగంతలు నాలుగైదు ఒకేసారి తగులుకుని వచ్చేవి.

నా దగ్గర ఫ్లై రాడ్ లేదు, కొనే ఉద్దేశమూ లేదు, మామూలు స్పిన్నింగ్ రాడ్డే. తంగూసు చివర 20 గ్రాముల బరువున్న లోహపు చేప, దానికి రెండడుగుల ముందు పక్కకి చిన్న కొమ్మలాగా కట్టి ఫ్లై. బరువు దూరం తీసుకెళ్తుంది, ఫ్లై పని చేస్తుంది. గోస్తని సముద్రంలో కలిసే చోట పోటు తిరిగే టైంలో వేస్తే పార చేపలు ఎక్కువగా ఈ ఫ్లైకే వస్తాయి, ఆ మెరిసే చేప జోలికి పోవు. పండుగప్ప మాత్రం నాకు రెండంటే రెండే పడ్డాయి, రెండూ చీకటి పడ్డాకే.

సామాన్ల కోసం ఎక్కడికీ పోనక్కర్లేదు. చెల్లి గోళ్ల రంగు (అడక్కుండా తీసుకుంటే గొడవ, నాది అనుభవం), పూసల దుకాణంలో జరీ పోగు, సంతలో మేక తోక వెంట్రుకలు. ఒక్క గాలం దగ్గర మాత్రం కక్కుర్తి పడొద్దు. ఒకసారి సముద్రం నుంచి వచ్చి తడి ఫ్లైలు అలాగే డబ్బాలో పెట్టి మూత వేశాను. వారం తర్వాత తీస్తే తెల్ల వెంట్రుకలన్నీ తుప్పు రంగు, మొనలు చేత్తో నలిపితే విరిగిపోతున్నాయి. ఇంటికి రాగానే మంచినీళ్లలో కడిగి ఆరబెట్టాల్సిందే.

భీమవరం_సేతువ
పేరు చూసి కోడిపందేల మనిషి అనుకోకండి, నాకు ఈకలే కావాలి. డిసీవర్ అని ఇంకో ఫ్లై ఉంది, లెఫ్టీ క్రేహ్ చెసపీక్ బేలో స్ట్రైపర్ల కోసం చేసింది, 1991లో అమెరికా పోస్టల్ వాళ్లు స్టాంపు కూడా వేశారు. దానికి పొడవాటి పుంజు ఈకలు కావాలి. మా ఊళ్లో సంక్రాంతి వెళ్లిన మర్నాడు వాటికి కొదవేముంది? తెల్లవి కావాలంటే సేతువ, ఎర్రవంటే డేగ, నల్లవంటే కాకి. వీపు వెనక తోక దగ్గర జారుగా ఉండే ఈకలే తీసుకోండి, మెడవి కొంచెం పొట్టి. షాంపూ నీళ్లలో రెండుసార్లు కడిగి నీడన ఆరబెట్టి డబ్బాలో కలరా ఉండ వేసి పెట్టాలి, లేకపోతే పురుగు పట్టి కాడలు మిగులుతాయి.

ఎడిసన్ అన్నా, ఇండియా వచ్చినప్పుడు నెమలి ఈకలు పట్టుకెళ్దామని మాత్రం అనుకోకు. ఫ్లైలకి అవి బాగా పనికొస్తాయని నాకూ తెలుసు, కానీ దేశం బయటికి తీసుకెళ్లడం నిషేధం.

హ్యూస్టన్_పులుసు
గాల్వెస్టన్ వైపు రెడ్‌ఫిష్ అనే సముద్రపు చేపని పడతాను. కట్టడం గురించి పైవాళ్లు చెప్పేశారు, విసరడం గురించి చెప్తా. క్లౌజర్ అంటే దారం చివర ఊగే సీసపు గుండు. కుడిచేతి వాడివైతే, గాలి కుడి వైపు నుంచి వస్తుంటే అది నీ మీదకే వస్తుంది. నాకు చెవి తమ్మెలోకి దిగింది. అదృష్టం కొద్దీ ఇంటి దగ్గరే పట్టకారుతో గాలం ముల్లు (మొన పక్కన వెనక్కి తిరిగి ఉండే చిన్న కొక్కెం) నొక్కేసి ఉన్నాను, తిన్నగా వెనక్కి లాగితే వచ్చేసింది. ముల్లు నొక్కని గాలమైతే ఆ రోజు ఆస్పత్రే. టోపీ, కళ్లద్దాలు లేకుండా ఒక్కసారి కూడా విసరొద్దు. కంటి దగ్గర దిగితే మాత్రం ఎవరూ చెయ్యి పెట్టకుండా డాక్టర్ దగ్గరికి పరిగెత్తడమే.

ఇక తిండి. టెక్సాస్‌లో రెడ్‌ఫిష్ 20 నుంచి 28 అంగుళాల మధ్యవి రోజుకి మూడు, మాకు 22 అంగుళాలదే రుచి, పెద్దది పీచుగా ఉంటుంది. పట్టగానే తలమీద ఒక దెబ్బ, మొప్పలు కోసి రక్తం పోనివ్వాలి, తర్వాత ఐసులో సముద్రపు నీళ్లు పోసిన పెట్టెలో ముంచాలి. వట్టి ఐసు మీద పడుకోబెడితే కింద వైపే చల్లబడుతుంది. ఈ పది నిమిషాల పనికి బద్ధకించి, సాయంత్రం పులుసులో నీచు వాసనని చింతపండు మీదకి తోసేవాళ్లని చూశాను. పులుసు ఉడికేటప్పుడు గరిటె పెట్టొద్దు, గిన్నె పట్టుకుని తిప్పాలి, ఇది మా అత్తగారి చట్టం.

బార్నెగట్_బాబాయ్
హ్యూస్టన్ వాళ్లకి పులుసు సరే, స్ట్రైపర్‌కి నేను ఒప్పుకోను. ఈ చేప కొవ్వులో పీసీబీలనే విష రసాయనాలు చేరతాయి, న్యూజెర్సీ ప్రభుత్వం ఎవరు ఎన్నిసార్లు తినొచ్చో సలహా పత్రమే ఇస్తుంది. గర్భిణులు, చిన్నపిల్లలు ఉన్న ఇల్లయితే అది చదివాకే పొయ్యి వెలిగించాలి. చర్మం, పక్కనుండే ఎర్ర కండ, పొట్ట కొవ్వు తీసేసి కాల్చుకుంటే మిగిలిన కొవ్వులో కొంత కారిపోతుంది. పులుసు పెడితే అదంతా గిన్నెలోనే ఉంటుంది, మనం వేళ్లు నాకేది ఆ పులుసే. అల్లం వెల్లుల్లి, మిరియాలు, నిమ్మకాయ పట్టించి గ్రిల్ మీద పెట్టు.

ఎడిసన్_గాలం
రెండు వారాల తర్వాత రిపోర్ట్. పదకొండు క్లౌజర్లు కట్టాను. మొదటి ఐదూ బాబాయ్ చెప్పిన చీపురుకట్టలు, విప్పేశాను. ఆరోది చూసి మా అమ్మ (ఇప్పుడు ఇక్కడే ఉంది, రాజమండ్రి నుంచి వచ్చింది) "ఇదేం పురుగురా" అంది. శనివారం తెల్లవారుజామున శాండీ హుక్ తీరంలో ఆ పురుగుకే స్ట్రైపర్ తగిలింది. రాడ్ విల్లులా వంగి, లైన్ వేళ్ల మధ్య కాలుతూ పోతుంటే నాకు కాళ్లు వణికాయి, నిజం చెప్తున్నా. ఒడ్డుకి లాగి టేపు పెట్టి కొలిస్తే 27 అంగుళాలు. ఉంచుకోవాలంటే ఇప్పటి లెక్క 28 నుంచి 31 అంగుళాల లోపు ఒక్కటి. తోక నొక్కి ఇంకోసారి కొలిచాను, ముప్పావు అంగుళం కూడా పెరగలేదు. ఫొటో తీసుకుని వదిలేశాను. నవ్వుకోండి.

అమ్మకి ఐసు పెట్టె ఖాళీగా రావడం నచ్చలేదు. "పులస లాంటిదేమైనా దొరకదా ఇక్కడ" అంటోంది.

బార్నెగట్_బాబాయ్
దొరుకుతుంది. షాడ్ అని, పులసకి చుట్టమే, ఏప్రిల్, మే నెలల్లో సముద్రం నుంచి డెలావేర్ నదికి ఎదురెక్కుతుంది. ముళ్లు కూడా అచ్చం అలాగే. మన పులస గాలం ముట్టదు, ఇది మాత్రం చిన్న రంగు ఫ్లైకి కూడా నోరు తెరుస్తుంది. వచ్చే ఏడు అమ్మగారు ఉన్నప్పుడు వెళ్దాం, ఆ వారం ఎన్ని ఉంచుకోవచ్చో చూసుకునే. ఇంతకీ ఆ ఆరో ఫ్లై ఉందా, రాళ్లకి ఇచ్చేశావా?

ఎడిసన్_గాలం
ఉంది బాబాయ్. కళ్లు మాత్రం ఒక పక్కకి తిరిగిపోయాయి. సూపర్ గ్లూ వెయ్యడం మర్చిపోయాను.