దీపావళి విందు విరాళం: లిలాంగ్వే పాథాలజీ ల్యాబుకు ఏం పంపాలి, ఏం పంపకూడదు

సమన్వయకర్త:

సభ్యులందరికీ నమస్కారం. నవంబరులో ఇక్కడ అమెరికాలోని క్యారీలో జరపబోయే దీపావళి విందులో ఖర్చులు పోను మిగిలిన సొమ్మును ఈసారి ఆఫ్రికాలో పాథాలజీ సేవలకు (శరీరం నుంచి తీసిన ముక్కను పరీక్షించి జబ్బేమిటో తేల్చే సేవలకు) ఇవ్వాలని కార్యవర్గం సూత్రప్రాయంగా అంగీకరించింది. మలావీని ఎంచుకోవడానికి కారణం ఉంది. మన పక్కనే చాపెల్‌హిల్‌లో ఉన్న నార్త్ కరోలినా విశ్వవిద్యాలయం మలావీ రాజధాని లిలాంగ్వేలో చాలా ఏళ్లుగా పనిచేస్తోంది. అక్కడి కముజు సెంట్రల్ ఆసుపత్రిలో 2011లో పాథాలజీ ల్యాబు ఏర్పడడానికి తోడ్పడింది కూడా ఈ విశ్వవిద్యాలయమే. వారితో మనం ఇంకా మాట్లాడలేదు. ఏమి అడగాలో మనకే తేలాక ఉత్తరం రాయడం మర్యాదగా ఉంటుందని ఆగాను. ఇంతలో ఇద్దరు సభ్యులు ఇక్కడి ఆసుపత్రులు పక్కన పెట్టిన మైక్రోస్కోపులను సేకరించి కంటైనరులో పంపుదామన్నారు. డాక్టరు గారూ, దీనిపై మీ సలహా కావాలి.

డాక్టరు గారు (పాథాలజీ విభాగపు సభ్యురాలు):

మైక్రోస్కోపుల సేకరణ వద్దని నా మనవి. ఆలోచన మంచిదే అయినా, అసలు కొరత మైక్రోస్కోపులది కాదు.

ఒక పిల్లవాడి మెడలో గడ్డ తీశారనుకుందాం. ఆ ముక్కను వెంటనే దానికి పది రెట్ల ఫార్మలిన్‌లో (కణాలు చెడిపోకుండా కాపాడే ద్రవంలో) వేయాలి. ఆలస్యమైనా, ఫార్మలిన్ చాలకపోయినా లోపలి కణాలు చెడిపోతాయి, తరువాత ఎవరెంత శ్రమించినా అవి తిరిగి రావు. ఆ తరువాత ముక్కలోని నీటిని తీసేసి మైనం ఎక్కించడానికి రాత్రంతా టిష్యూ ప్రాసెసరు నడవాలి. మధ్యలో కరెంటు పోతే ఆ రాత్రి పెట్టిన నమూనాలన్నీ ప్రమాదంలో పడతాయి. మైనపు దిమ్మెను మైక్రోటోము అనే కోత యంత్రంపై మూడు నాలుగు మైక్రాన్ల (మిల్లీమీటరులో వెయ్యో వంతు ఒక మైక్రాను) పొరలుగా కోసి, గోరువెచ్చని నీటిపై తేలనిచ్చి, ముడత పడకుండా గాజు పలకపైకి (స్లైడు) ఎత్తుకోవాలి. ఇది పూర్తిగా చేతి నైపుణ్యం, నెలల తరబడి సాధన చేస్తే గాని పట్టుబడదు. రంగులు వేసిన తరువాత మాత్రమే మైక్రోస్కోపు వంతు వస్తుంది. ముందున్న మెట్లలో ఏ ఒక్కటి తప్పినా మైక్రోస్కోపు అలంకారమే.

పైగా ఇక్కడి యంత్రాలు 120 వోల్టులకు, 60 హెర్ట్జ్‌కు తయారైనవి, మలావీలో కరెంటు 230 వోల్టులు, 50 హెర్ట్జ్. ప్లగ్గు కూడా బ్రిటిషు పద్ధతిలోనిది. విడిభాగాలు, మరమ్మతు చేసేవారు, వాడకం నేర్పేవారు లేకుండా పరికరాలు పంపవద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2011లోనే వైద్య పరికరాల దానాలపై మార్గదర్శకాలు ఇచ్చింది. నేను కొంతకాలం పనిచేసిన ఒక ఆసుపత్రిలో (పేరు చెప్పను) దానంగా వచ్చిన ప్రాసెసరు మీద టెక్నీషియన్లు టీ కప్పులు పెట్టుకునేవారు. దాని ఫ్యూజు ఆ దేశంలో దొరకదు.

ఇంత శ్రమ ఎందుకని ఎవరైనా అడిగితే ఒక్క ఉదాహరణ చెప్పండి. క్షయ, హెచ్‌ఐవీ ఎక్కువగా ఉన్న ప్రాంతాల్లో మెడలో గ్రంథి వాస్తే డాక్టరు ముందుగా క్షయనే అనుమానిస్తారు, అందులో తప్పేమీ లేదు. కానీ బయాప్సీ చూసేవారు లేనప్పుడు క్షయ మందులు నెలల పాటు సాగుతాయి, అది లింఫోమా (లింఫ్ గ్రంథుల క్యాన్సరు) అయితే అది పెరిగే కాలం కూడా అదే. మలావీలో పిల్లలకు వచ్చే క్యాన్సర్లలో బర్కిట్ లింఫోమాదే పెద్ద వాటా. ఇది రోజుల్లోనే రెట్టింపయ్యే గడ్డ, కానీ కీమోథెరపీకి లొంగుతుంది కూడా. డెనిస్ బర్కిట్ అనే సర్జను 1958లో ఉగాండాలోని పిల్లల దవడ గడ్డలను వర్ణించారు, కీమోథెరపీకి అవి లొంగుతాయని 1960ల నుంచే తెలుసు. అయినా ఫలానా జబ్బని రాసిచ్చే పాథాలజిస్టు లేనిదే ఏ మందు మొదలుపెట్టాలి? సహారాకు దక్షిణాన పది లక్షల మందికి ఒక్క పాథాలజిస్టు కూడా లేని దేశాలు చాలా ఉన్నాయి.

శిక్షణ సంగతికి వస్తే, లిలాంగ్వేలోని డాక్టర్లు, చాపెల్‌హిల్ పాథాలజిస్టులు స్కాన్ చేసిన స్లైడులను తెరపై పెట్టుకుని వారం వారం కేసులు చర్చించే పద్ధతి పెట్టుకున్నారు. అక్కడివారు ఇచ్చిన నిర్ధారణలను ఇక్కడ మళ్లీ పరిశీలించినప్పుడు చాలా వరకు సరిపోయాయి. ఆ ల్యాబుపై నాకు నమ్మకం కలిగించింది ఇదే. రువాండాలోని బుటారో క్యాన్సరు కేంద్రం 2012లో తెరిచినప్పుడు నమూనాలు బోస్టను దాకా ప్రయాణించేవి, తరువాత అక్కడే ల్యాబు, టెలీపాథాలజీ (దూరం నుంచే తెరపై స్లైడులు చూసే పద్ధతి) వచ్చాయి. అయితే తెర మీద చూడాలన్నా ముందు మంచి స్లైడు కావాలి, ఆ స్లైడును కోసే మనిషి లిలాంగ్వేలోనే ఉండాలి.

కాబట్టి మన సొమ్ము రియేజెంట్లకు (పరీక్షల్లో వాడే రసాయనాలకు), యంత్రాల సర్వీసు ఒప్పందానికి, టెక్నీషియన్ల శిక్షణకు, లేదా తూర్పు, మధ్య, దక్షిణ ఆఫ్రికా పాథాలజిస్టుల కళాశాల పరీక్షలకు చదువుతున్న యువ డాక్టర్ల రుసుములకు పోవాలి. వీటిలో ఏది ముందన్నది నిర్ణయించాల్సింది ల్యాబువారే.

కోశాధికారి:

డాక్టరు గారి మాటతో ఏకీభవిస్తున్నాను. కంటైనరు రవాణా, కస్టమ్స్ ఖర్చులే మన మిగులును మించిపోతాయి. వ్యక్తుల పేరిట సొమ్ము పంపడం కుదరదు. విశ్వవిద్యాలయం నిధికి, ఫలానా పనికే వాడాలన్న షరతుతో, చెక్కు రూపంలో ఇస్తే పన్ను రసీదు వస్తుంది, మన సభ్యుల విరాళానికి తోడుగా వారి కంపెనీలు ఇచ్చే సొమ్ము (మ్యాచింగు) కూడా కలుస్తుంది. ఒక సందేహం మాత్రం ఉంది: ఒక్క ఏడాది ఇచ్చి ఊరుకుంటే రియేజెంట్లు అయిపోయాక వాళ్లేం చేస్తారు?

డాక్టరు గారు:

సరైన ప్రశ్న అడిగారు. ఒకేసారి పెద్ద మొత్తం కంటే మూడేళ్ల పాటు తక్కువైనా క్రమం తప్పకుండా ఇవ్వడం మేలు. రియేజెంట్లకు గడువు తేదీ ఉంటుంది, కాబట్టి ఒక్కసారిగా కొని నిల్వ చేసుకోవడమూ కుదరదు. మూడేళ్ల మాట ఇవ్వలేమనుకుంటే శిక్షణకే ఇద్దాం, నేర్చుకున్న పనికి గడువు తేదీ లేదు.

వేదిక బృందం:

నాట్య ప్రదర్శనలకూ భోజనాలకూ మధ్య పదిహేను నిమిషాలు కేటాయించగలం. ఆసుపత్రిలోని పిల్లల ఫొటోలతో స్లైడ్ షో వేస్తే విరాళాలు బాగా వస్తాయని మా బృందంలో కొందరి అభిప్రాయం. పిల్లల విభాగంలో ఏం పెట్టాలో కూడా చెప్పండి, అక్క గారూ.

డాక్టరు గారు:

రోగుల ఫొటోలు వద్దమ్మా. మన పిల్లల జబ్బు ఫొటోలను ఊరూ పేరూ తెలియని విందులో చూపిస్తే మనం ఒప్పుకుంటామా? దానికి బదులు ఒక బల్ల మీద రెండు మైక్రోస్కోపులు పెడదాం. ఒకదాని కింద ఉల్లిపొరను అయోడిన్‌తో తడిపి పిల్లలే పెట్టుకుని చూడవచ్చు, రెండోదాని కింద బోధనకు వాడే రంగు వేసిన స్లైడు ఉంటుంది. మైనపు దిమ్మె నమూనా ఒకటి నేను తెస్తాను, చేతిలో పట్టుకుంటే పెద్దవాళ్లకు కూడా పని అర్థమవుతుంది. వరంగల్లులోనో గుంటూరులోనో పీజీ చేసినప్పుడు రోజూ సూది పరీక్షలు చేసిన పాథాలజిస్టులు మన సభ్యుల్లో ఉన్నారు. గడ్డలోకి సన్నని సూది దించి కణాలు తీసి అప్పటికప్పుడే రంగు వేసి చూసే ఆ నైపుణ్యం, యంత్రాలు తక్కువగా ఉన్నచోట చాలా అక్కరకు వస్తుంది. వారిలో బోధించడానికి ఇష్టమున్నవారు పేరు ఇస్తే ఉత్తరంలో ఆ సంగతి కూడా రాయవచ్చు. రెండు వారాల పర్యటన కాకుండా, ఇక్కడి నుంచే నెలనెలా కేసులు చర్చించగలిగిన వారైతే మరీ మంచిది.

సమన్వయకర్త:

మైక్రోస్కోపుల సేకరణ ఆలోచనను విరమించుకున్నాం. సూచించిన ఇద్దరు సభ్యులు ఏమీ అనుకోవద్దు, పిల్లల బల్లకు రెండు మైక్రోస్కోపులు తెచ్చే బాధ్యత వారికే అప్పగిస్తున్నాను. ఫొటోల స్లైడ్ షో ఉండదు. విశ్వవిద్యాలయానికి రాసే ఉత్తరంలో మూడు సంగతులు అడుగుతాం: ల్యాబుకు ఈ ఏడాది దేనికి డబ్బు చాలడం లేదు, షరతుతో కూడిన విరాళాన్ని ఏ నిధికి పంపాలి, మన పాథాలజిస్టులు బోధనలో పాలుపంచుకునే వీలుందా. ముసాయిదాను కోశాధికారి, డాక్టరు గారు చూసి దిద్దిన తరువాత ఆదివారం సాయంత్రం పంపుతాను. మూడేళ్ల మాట ఇవ్వాలా వద్దా అన్నది కార్యవర్గం ఓటు వేయాల్సిన విషయం, జవాబు వచ్చేదాకా దానిని వాయిదా వేస్తున్నాను. వంట బృందం ఇంకా ఎన్ని ప్లేట్లో చెప్పలేదు. ఆ లెక్క రానిదే టికెట్టు ధర తేలదు, ధర తేలనిదే మిగులు ఎంతో కోశాధికారి చెప్పలేరు, కాబట్టి దయచేసి శుక్రవారంలోగా తెలియజేయండి.