పాత ఫోన్‌ని బండిలో దాచాను, పగలంతా చుక్క మాయం

సైడ్‌స్టాండ్ (గుంటూరు):
నమస్కారమండి. మా వీధిలో నెల తిరక్కుండా రెండు బండ్లు పోయాయి. రెండూ గేటు ముందు హ్యాండిల్ లాక్ వేసి పెట్టినవే. కాలితో గట్టిగా తంతే ఆ లాక్ ఊడొస్తుందని అప్పుడే తెలిసింది నాకు. జీపీఎస్ ట్రాకర్ అడిగితే రెండు వేలు, పైన ఏటేటా సిమ్ ఖర్చు అన్నారు. ఇంట్లో పాత ఆండ్రాయిడ్ ఒకటి మూలన పడి ఉంది. దాన్ని సైలెంట్‌లో పెట్టి, సిమ్ వేసి, స్పాంజి చుట్టి సైడ్ కవర్ లోపల దూర్చాను. 12 వోల్టుల్ని 5కి దించే చిన్న ఛార్జర్ ముక్క ఒకటి కొని వైరు కలిపాను. పోయిన ఫోన్ ఎక్కడుందో మ్యాప్ మీద చుక్కగా చూపించే గూగుల్ ఫైండ్ హబ్‌లో చుక్క బాగానే కనిపిస్తోంది. గొడవల్లా ఏంటంటే, రోజూ పొద్దున తొమ్మిదిన్నరకల్లా చుక్క ఆగిపోతుంది, మళ్ళీ సాయంత్రం అయిదింటికి గానీ రాదు. వారం నుంచి ఇదే వరస. కారణం ఏమై ఉంటుంది? బండి నూటపాతిక సీసీ, 2022 మోడల్.

వోల్ట్‌మీటర్ (విజయవాడ):
కారణం ఎండ. ఇంకేం లేదు.

లిథియం బ్యాటరీకి 45 డిగ్రీలు దాటాక ఛార్జింగ్ ఇవ్వకూడదు. ఏప్రిల్లో మన వైపు నీడలోనే 40 చూస్తున్నాం. ఎండలో నిలబెట్టిన బండి, మూసేసిన కవరు, పక్కనే ఇంజిన్, చాలదన్నట్టు మీరు స్పాంజి చుట్టారు. ఫోన్‌కి స్వెట్టర్ తొడిగినట్టుంది. వేడికి తట్టుకోలేక అదే ఆగిపోతోంది. ముందు బయటికి తియ్యండి. మూడేళ్ళ కింద ఒక స్నేహితుడి బండికి నేనే ఇలా అమర్చాను. మే నెలలో ఫోన్ పూరీలా ఉబ్బి సైడ్ కవర్ కొక్కేలు విరగ్గొట్టింది. కొత్త కవర్ డబ్బులు నా చేతే కట్టించుకున్నాడు. ఆ తర్వాత మాటల్లేవు.

రెండో సంగతి, వైరు ఎక్కడి నుంచి తీశారు? నేరుగా బ్యాటరీ నుంచి అయితే బండి ఆగినా తాగుతూనే ఉంటుంది. ఫోనూ ఛార్జర్ ముక్కా కలిపి సగటున 50 మిల్లీ ఆంపియర్లు లాగాయనుకోండి. 5 ఆంపియర్ అవర్ బ్యాటరీ 100 గంటల్లో ఖాళీ. నాలుగు రోజులు ఊరెళ్ళొస్తే సెల్ఫ్ పలకదు. మీది బీఎస్6 (కొత్త కాలుష్య నిబంధనల) బండి కాబట్టి పెట్రోలు పంపు కూడా కరెంటు మీదే. బ్యాటరీ పూర్తిగా చచ్చాక కిక్కు కొడితే మోకాలు పోవడమే మిగులుతుంది.

సైడ్‌స్టాండ్:
తాళం తిప్పితే కరెంటొచ్చే వైరు నుంచే తీశానండి. స్పాంజి ఇవాళే తీసేస్తా.

కరీంనగర్ కిక్కర్:
ఎండ ఎండ అనుకుంట కూసుంటె బండి దొరుకుతదా అన్నా? బండి వోయినోన్ని అడుగుండ్రి. నాది స్కూటీ. డిక్కీల పాత ఫోన్ మర్సిపోయిన, గంతే. వైరు లేదు, ఛార్జర్ లేదు. గుడి కాడికెల్లి స్కూటీ మాయమైంది. ఇంటికొచ్చి సూస్తె చుక్క రైల్వే స్టేషన్ పార్కింగ్ల ఉన్నది. కొందరు దొంగలు గట్లనే జేస్తరట. ఎత్కవోయి నాలుగు దినాలు స్టాండ్ల వెడ్తరు, ఎవ్వరు ఎంకులాడుత లేరని నమ్మకమైనంక తీస్తరు. ఠాణాకు వోయి ఫోన్ సూపెట్టిన. దరఖాస్తు రాసియ్యి, పొద్దుగాల సూద్దాం అన్నరు. ఏ ఊరో ఏ ఠాణానో నేను జెప్ప. రాత్రంత చుక్క పక్కన ఛార్జింగ్ 20, 15, 9 అని దిగుతుంటె నా పానమే దిగినట్టయింది. తెల్లారంగ నేను మా బామ్మర్ది వోతె, స్టాండాయిన చీటి లేంది బండియ్య అన్నడు. నా బండి నేను తెచ్చుకునుటానికి దొంగ తాన చీటి అడగాల్నా? ఆఖరికి ఆర్‌సీ సూపెట్టి, ఠాణా నుంచి ఒకాయిన వచ్చినంకనే చేతికొచ్చింది. గప్పటికి ఫోన్ల 4 శాతం.

అందుకే జెప్తున్న, పెట్టుకోన్రి. ఉబ్బితె ఉబ్బుతది.

వోల్ట్‌మీటర్:
మీ స్కూటీ పోయింది ఏ నెలలో?

కరీంనగర్ కిక్కర్:
డిసెంబర్ల. అయితె?

వోల్ట్‌మీటర్:
అదీ సంగతి.

రెండో తాళం (రాజమండ్రి):
ఫోన్ సంగతి తర్వాత, ఇన్సూరెన్స్ చూసుకున్నారా మాస్టారూ? 2018 సెప్టెంబరు నుంచి కొత్త టూవీలర్‌కి థర్డ్ పార్టీ (మన బండి వల్ల ఎదుటివాళ్ళకి జరిగే నష్టానికి) అయిదేళ్ళకీ ఒకేసారి కట్టించుకుంటున్నారు. దాంతో చాలామంది అయిదేళ్ళు ధైర్యంగా పడుకోవచ్చనుకుంటారు. బండి పోతే డబ్బులిచ్చేది థర్డ్ పార్టీ కాదు, ఓన్ డ్యామేజ్, అంటే మన బండి నష్టానికి కట్టేది. అది చాలా పాలసీల్లో మొదటి ఏడాదితోనే సరి. మీది 2022 అంటున్నారు, ఓసారి కాగితం తీసి చూడండి. క్లెయిమ్‌కి వెళ్తే ఎఫ్‌ఐఆర్, బండి దొరకలేదని పోలీసుల కాగితం, రెండు తాళాలూ అడుగుతారు. రెండోది ఎక్కడ పారేసుకున్నానో తెలియక ఎనిమిది నెలలు తిరిగాను. ఈ పేరు అందుకే పెట్టుకున్నా.

చూస్తూపోయేవాడు:
ఏ సిమ్ వేశారు? పాత 3జీ ఫోనైతే జియో పట్టదు. ఎయిర్‌టెల్ 3జీ కూడా 2020లోనే తీసేశారు.

సైడ్‌స్టాండ్:
ఫోను 4జీదేనండి, సిగ్నల్ ఇబ్బంది లేదు. స్పాంజి తీసేసి మూడు రోజులైంది, అయినా తొమ్మిదిన్నరకి ఆగిపోతూనే ఉంది. ఇన్సూరెన్స్ కాగితం చూశాను, మీరన్నట్టే ఓన్ డ్యామేజ్ 2023లోనే అయిపోయింది. థాంక్స్ అండి.

ఇంకో సందేహం. గూగుల్ టైమ్‌లైన్ ఇదివరకు కంప్యూటర్‌లో కనిపించేది. 2024లో మార్చేశాక ఆ ఫోన్‌లోనే ఉండిపోతోంది. రోజంతా బండి ఏ దారిన తిరిగింది, ఎక్కడెక్కడ ఎంతసేపు ఆగింది, నా ఫోన్‌లో చూసుకునే ఉపాయం ఉందా?

చూస్తూపోయేవాడు:
ఆదివారం కూడా ఆగిపోతోందా?

సైడ్‌స్టాండ్:
లేదండి. ఆదివారం ఇంటి ముందే ఎండలో ఉంటుంది, చుక్క కదలదు, కానీ మాయమవదు.

వోల్ట్‌మీటర్:
ఆదివారం ఇంజిన్ వేడి లేదు. లెక్క సరిపోయింది.

పార్సిల్ బాబాయ్ (విశాఖ):
ఒక్క మాటండి, ఏమీ అనుకోకండి. దొంగని పట్టుకోడానికి బండి ఇప్పుడెక్కడుందో తెలిస్తే చాలు కదా. నిన్న మధ్యాహ్నం ఎక్కడ ఎంతసేపు ఆగిందో దేనికి? బండి తోలేదెవరు?

సైడ్‌స్టాండ్:
మావాడు. ఇంజినీరింగ్ మూడో ఏడు. ఆర్‌సీ మాత్రం నా పేరే.

పార్సిల్ బాబాయ్:
లోపల ఫోనుందని ఆ కుర్రోడికి తెల్సా?

గేర్ రెండు (హైదరాబాద్):
ఇంత తంటా ఎందుకు, బ్లూటూత్ ట్యాగ్ ఒకటి పడేస్తే పోయె. బ్యాటరీ ఏడాది వస్తుంది.

వోల్ట్‌మీటర్:
ట్యాగ్‌లో ఉండేది బిళ్ళ సెల్లు, ఫోన్ బ్యాటరీలా పూరీ అవ్వదు, ఒప్పుకుంటా. కానీ దానికి సొంత జీపీఎస్ లేదు, చుట్టుపక్కల ఫోన్లు పట్టిస్తేనే జాడ తెలుస్తుంది. పైగా ఎవరి వెంటైనా కొంతసేపు తిరిగితే వాళ్ళ ఫోన్‌కి, మీ వెంట తెలియని ట్యాగ్ వస్తోందని హెచ్చరిక వెళ్తుంది. దొంగకీ వెళ్తుంది.

చూస్తూపోయేవాడు:
వాళ్ళబ్బాయికీ వెళ్తుంది 🙂

సైడ్‌స్టాండ్:
ఇక్కడ నేనడిగింది చుక్క ఎందుకు ఆగుతోందని. ఎవరికి తెలుసు ఎవరికి తెలియదు అన్నది మా ఇంటి సంగతి. బండి నాది, ఫోన్ నాది, సిమ్‌కి నెలనెలా రెండొందలు కడుతున్నది నేను. తెలిసిన మనిషి చెప్తే సాయం, లేకపోతే నోరు మూసుకుని ఉంటే అంతకన్నా సాయం.

పార్సిల్ బాబాయ్:
నోరు మూసుకోమన్నారు కాబట్టే రాస్తున్నానండి. నేను డెలివరీ చేస్తాను. పొద్దున యాప్ తెరిచింది మొదలు రాత్రి మూసేదాకా ఆ చుక్క నేనే. టీ కొట్టు దగ్గర పది నిమిషాలాగితే ఎందుకాగావని ఫోను. మొన్న మా అమ్మకి ఒంట్లో బాలేక దార్లో మందులు కొనడానికి ఆగాను, దానికీ సంజాయిషీ. కంపెనీ డబ్బిస్తాది గనక పడతాం. ఇరవై ఏళ్ళ కుర్రోడు ఇంట్లో వాళ్ళ దగ్గర కూడా చుక్కేనా? దొంగ నుంచి దాచారో కొడుకు నుంచి దాచారో అది తేల్చండి ముందు.

కరీంనగర్ కిక్కర్:
బాబాయ్, గది వేరే ముచ్చట. బాపు పైసలువెట్టి కొనిచ్చిన బండి, బాపు సూస్తె తప్పేంది? మా బాపు అయితె ఊళ్ళె సైకిల్ మీద ఎంబడి వచ్చి సూస్తుండె.

పార్సిల్ బాబాయ్:
మీ బాపు ఎంబడి వచ్చినట్టు మీకు కనిపించింది కదండీ.

గేర్ రెండు:
వ్యక్తిగత గోప్యత ప్రాథమిక హక్కు అని 2017లో సుప్రీంకోర్టు తొమ్మిది మంది జడ్జీలు చెప్పారు.

కరీంనగర్ కిక్కర్:
గది సర్కారు మీద తమ్మీ. బాపు మీద గాదు.

వోల్ట్‌మీటర్:
అసలు విషయం పక్కకి పోతోంది. స్పాంజి తీసినా ఆగుతోందంటే సైలెన్సర్ వేడి తగులుతున్నట్టే. ఫోన్‌ని సీటు కిందకి మార్చి చూడండి. అక్కడ ప్లాస్టిక్కే కాబట్టి జీపీఎస్‌కి అడ్డం ఉండదు.

కరీంనగర్ కిక్కర్:
అన్నా, నీకు ఇల్లు కాలినా థర్మామీటరే యాదికొస్తదా?

వోల్ట్‌మీటర్:
ఇల్లు కాలడం దాకా ఎందుకు, అలాంటి ఉబ్బిన బ్యాటరీకి బొక్క పడితే బండే కాలుతుంది. పెట్రోలు ట్యాంకు ఎంత దూరంలో ఉందో ఎవరైనా కొలిచారా? మీరు నవ్వుకోండి. కవర్ డబ్బులు కట్టింది నేను.

సైడ్‌స్టాండ్:
రెండు రోజులు ఇటు రాలేదు. పార్సిల్ బాబాయ్ గారూ, మిమ్మల్ని ఆ మాట అనకుండా ఉండాల్సింది.

పోయినేడు మా అన్న కొడుకు కాలేజీకని చెప్పి స్నేహితులతో సూర్యలంక బయల్దేరాడు. బాపట్ల ఇంకా రాకముందే లారీ పక్కనుంచి గీరుకుపోయింది. ఆస్పత్రి వాళ్ళు ఫోన్ చేసేదాకా వాడు క్లాసులో ఉన్నాడనే అనుకున్నారు మావాళ్ళు. కాల్లో రాడ్డు వేశారు, ఇప్పటికీ కుంటుతున్నాడు. అప్పటినుంచి మావాడు బండి తీస్తే మా ఆవిడ గేటు దగ్గరే నిలబడుతుంది. పోనీ ఎక్కడున్నావని ఫోన్ చేస్తే వాడు ఎత్తడు, ఎత్తినా విసుక్కుంటాడు. వీధిలో బండ్లు పోయిన మాట నిజమే. ఫోన్ పెట్టడానికి అదొక్కటే కారణం కాదు.

పార్సిల్ బాబాయ్:
అదేదో వాడికే చెప్పండి సార్. నాకు చెప్పినట్టు చెప్పినా చాలు.

రెండో తాళం:
ఓన్ డ్యామేజ్ విడిగా కూడా కట్టించుకోవచ్చు మాస్టారూ, కట్టారా?

సైడ్‌స్టాండ్:
నిన్న కట్టాను.

మావాడికి కూడా చెప్పాను నిన్న రాత్రి. అన్నం తింటుంటే చెప్పి, బయటికి తీసుకెళ్ళి సైడ్ కవర్ విప్పి చూపించాను. వాడు ఆశ్చర్యపోలేదు. పెట్టిన రెండో రోజే పంక్చర్ షాపు వాడు చూసి చెప్పాడట. కాలేజీ గేటు దగ్గర స్విచాఫ్ చేసి, వచ్చేటప్పుడు ఆన్ చేస్తున్నాడట. "మీరు అడుగుతారేమోనని చూస్తున్నా నాన్నా" అన్నాడు. ఏం మాట్లాడాలో తోచలేదు. ఫోన్ అలాగే ఉంచమన్నాడు, కాకపోతే ఫైండ్ హబ్ పాస్‌వర్డు తనకీ కావాలన్నాడు. ఇచ్చాను.

కరీంనగర్ కిక్కర్:
పోరడు హుషారున్నడు.

వోల్ట్‌మీటర్:
పగలంతా స్విచాఫ్‌లో ఉంది కాబట్టే ఉబ్బలేదు. ఇక రోజంతా ఆన్‌లో ఉంటుందిగా, మే నెల వస్తోంది. సీటు కిందకి మార్చండి.